అడుగు, నడుమ, కొస

కోటగిరి
9 నవంబరు 1975

చిరంజీవి గంగామణికి,

ఈ రోజే రాయడానికి కారణం ఉంది. చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరుకు కటింగ్ ఆర్డరు నిన్న వచ్చింది. ఇరవై నాలుగున మన నాలుగెకరాల్లో మొదటి గడ తెగుతుంది. వచ్చే డబ్బులో తొమ్మిది వందలు నీ పేర రాసి పెట్టాను. అది నీ చేతికి రాకముందే నువ్వు నాకు ఒక సంగతి అర్థమయ్యేలా చెప్పాలి.

నువ్వు కొన్న పాత కెమెరాకు లెన్సు బూజు పట్టింది, వేరేది తప్పదన్నావు. ఒప్పుకున్నాను. మామూలు లెన్సు రెండు వందల యాభైకి దొరుకుతుందని నువ్వే రాశావు. ఆ కిందనే జూమ్ లెన్సు కావాలి, ఎనిమిది వందల డెబ్బై అయిదు అన్నావు. దాని కట్టు తిప్పితే దూరంగా ఉన్నది దగ్గరికి వస్తుందట. నీకు రెండు కాళ్లున్నాయి. నాలుగడుగులు ముందుకు వేస్తే దూరంగా ఉన్నది దగ్గరికి రాదా? నాలుగడుగులకు ఆరు వందల ఇరవై అయిదు రూపాయలు ఎక్కువ.

నా కొడుకు, మీ బాపు సంగతి చెబుతాను. బోధన్‌లో ఆడవాళ్లకోసం ఆడపిల్ల ఫోటో స్టూడియో పెట్టడం ఆయనకు నవ్వులాట. టీచర్ ట్రైనింగ్ ఫారం తెచ్చి నా పెట్టె మీద పెట్టాడు. ఉగాది దాకా ఆగుతానన్నాడు, నా మొహం చూసి. బోధన్‌లో స్టూడియోకు మనం అడిగి పెట్టిన గదిని మార్కండేయ కూడా ఉగాది దాకే పట్టి ఉంచుతాడు. తర్వాత సైకిల్ షాపుకు ఇస్తాడట. నీకు రెండోసారి కొనే అవకాశం లేదు. తప్పు వస్తువు కొంటే ఫారం మీద సంతకం పెట్టవలసిందే. అప్పుడు నేనూ అడ్డుపడను.

కాబట్టి కారణం రాయి. ఇష్టం అని రాయకు. కారణం రాయి.

నీ బాపమ్మ
తారాబాయి


చిక్కడపల్లి, హైదరాబాదు
16 నవంబరు 1975

బాపమ్మకు గంగామణి నమస్కారాలు.

మామయ్య వాళ్లింట్లో అందరూ బాగున్నారు. మా ఫోటోగ్రఫీ క్లాసు మార్చితో అయిపోతుంది.

నాలుగడుగులు వేయవచ్చు, బాపమ్మా, వేయనిస్తే. ఎండాకాలంలో బోధన్‌లో మా స్నేహితురాలి అక్క పెండ్లికి అడిగి తెచ్చిన కెమెరాతో ఫోటోలు తీశాను, గుర్తుందా? పెండ్లికూతురిని కూర్చోబెట్టిన గది మన వడ్లగది అంత లేదు. వెనక్కి జరిగితే నా వీపు గోడకు ఆనింది, అయినా ముగ్గురికంటే పట్టలేదు. బయట పందిట్లో ముందుకు జరగబోతే మగవాళ్ల వరస. "ఏ పిల్లా, గా ఆడోళ్లల్లకు పో" అన్నారు. బాలింతల గదికైతే గడప దాటనివ్వరు. రెండు లెన్సులు పెట్టుకుందామంటే, మరలు తిప్పి ఒకటి విప్పి ఇంకొకటి బిగించేలోపల కొంగు మొహం మీదికి వచ్చేస్తుంది. మళ్లీ ఆ మొహం దొరకదు. ఇది కారణం.

ఇప్పుడు కారణం కానిది కూడా రాస్తాను, కోప్పడకు. సుల్తాన్ బజారు సందులో ఆత్మారాం అని పాత కెమెరాలు బాగుచేసే ఆయన ఉన్నారు. ఆయన ఆ లెన్సు నా కెమెరాకు బిగించి వాకిట్లో నిలబెట్టారు. ఎదురుగా మేడ మీద పావురాలు గింజల్లా ఉన్నాయి. కట్టు తిప్పాను. నేను కదలలేదు, పావురం కదలలేదు. కానీ అది నా దగ్గరికి వచ్చింది. మెడ చుట్టూ ఆకుపచ్చ, దాని పక్కనే ఊదా, ఊపిరి తీసినప్పుడు ఒకటి ఇంకొకటవుతోంది. ఇన్నేళ్లు పావురాలు బూడిద రంగువనుకున్నాను. కెమెరా కంటినుంచి దించలేదు. "ఏమ్మా, పిట్ట మాట్లాడిందా?" అని ఆత్మారాం నవ్వారు.

ఆయన దగ్గర రెండు జూమ్ లెన్సులున్నాయి. ఒకటి ముప్పై అయిదు నుంచి నూట అయిదు దాకా పోతుంది, పదహారు వందల యాభై. రెండోది నలభై నుంచి ఎనభై దాకా, అదే నేను రాసినది. చిన్న అంకె దగ్గర గది అంతా పడుతుంది, పెద్ద అంకె దగ్గర దూరపు మొహం నిండుగా వస్తుంది. రెండోది నాకు సరిపోతుంది. చూస్తే అద్దం తళతళలాడుతోంది. కొనమంటావా?

నీ మనుమరాలు
గంగామణి


కోటగిరి
23 నవంబరు 1975

చిరంజీవి గంగామణికి,

కారణం ఒప్పుకున్నాను. మామూలు లెన్సు మాట ఇక ఎత్తను. పావురం సంగతి కారణం కాదని నువ్వే అన్నావు కాబట్టి దాని గురించి ఏమీ అనను.

కానీ తళతళలాడడం చూసి కొనవద్దు. రేపు కోత కాబట్టి మొన్న ఫీల్డుమన్ బాపురావు మన చెరుకు పాలు పరీక్ష చేయడానికి వచ్చాడు. ఆయన పద్ధతి రాస్తున్నాను, శ్రద్ధగా చదువు. ఒక గడను మూడు చోట్ల గుచ్చుతాడు: అడుగున, నడుమ, కొసన. ఒక్కొక్క చోటి చుక్క వేరుగా చూస్తాడు. అడుగు ఎప్పుడూ తీపి. కొస ఎప్పుడూ నీళ్లు. అడుగు ఒక్కటి రుచి చూసి తోటంతా తీపి అనుకున్నవాడు మోసపోతాడు.

ఆయన చేతిలో జానెడు గొట్టం ఉంటుంది. దాని అద్దం మీద చుక్క వేసి, మూత పెట్టి, ఆకాశం వైపు ఎత్తి ఒక కన్నుతో చూస్తాడు. ఏళ్లుగా చూస్తున్నాను, ఎన్నడూ అడగలేదు. నీ ఉత్తరం వచ్చాక అడిగాను.

"నువ్వెందుకవ్వా సూసుడు? లెక్క నేను రాసిస్త గద" అన్నాడు.

"చెరుకు నాది. నేను సూడొద్దా?" అన్నాను.

ఇచ్చాడు. లోపల సన్నని అంకెల నిచ్చెన ఉంది. పైన నీలం, కింద తెలుపు, రెండింటి మధ్య వెంట్రుక వాసి గీత. ఆ గీత పద్దెనిమిది మీద నిలబడింది. కొస చుక్క వేసినప్పుడు పదకొండుకు దిగింది. నలభై ఏళ్లు ఈ పంట పండించాను, గంగామణీ. దాని తీపి ఇంత నీలంగా, ఇంత ఖచ్చితంగా ఉంటుందని నాకు తెలియదు. బాపురావు చేయి చాచినా గొట్టం వెంటనే ఇవ్వలేదు.

నువ్వు చేయవలసినది ఇది. ఆ లెన్సుకూ మూడు చోట్లున్నాయి. నలభై దగ్గర, అరవై దగ్గర, ఎనభై దగ్గర ఫోటో తీయి. ఒకే గోడ, ఒకే వెలుతురు. గోడ మీద సన్నని అచ్చు ఉన్న కాగితం అతికించు. నడుమ భాగం, నాలుగు మూలలు వేరువేరుగా చూడు. పెద్ద లెన్సుతో కూడా అలాగే తీయి. ఒక ఫిల్ము రీలుకు అనుమతి ఇస్తున్నాను. ఏది నచ్చిందో ఆత్మారాం ముందు మొహంలో కనబడనీయకు. నీకు అది చేతకాదు కాబట్టి తల వంచుకొని చూడు.

నీ బాపమ్మ
తారాబాయి


హైదరాబాదు
7 డిసెంబరు 1975

బాపమ్మకు నమస్కారాలు.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆత్మారాం గారి గోడకు ఉర్దూ పేపరు అతికించాను. ఆయన స్టూలు మీద కూర్చొని చూస్తూ, "గిట్ల టెస్ట్ జేసినోళ్లు ఇరవై ఏండ్లల్ల ఎవ్వరు రాలె. ఎవరు నేర్పిండ్రమ్మా?" అని అడిగారు.

"మా బాపమ్మ."

"గామె దగ్గర ఏం కెమెరా ఉన్నది?"

"నాలుగెకరాల చెరుకు ఉన్నది."

ఆయనకు చాయ్ పొలమారింది.

ఫలితం రాస్తున్నాను. పెద్ద లెన్సు మూడు చోట్లా బాగుంది. చిన్నది నలభై దగ్గర బాగుంది, మూలలు కొంచెం తగ్గాయి. అరవై దగ్గర పెద్ద లెన్సుకు ఏమాత్రం తీసిపోదు. ఎనభై దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు పలచని గుడ్డలో చుట్టినట్టయ్యాయి. ఉన్నాయి, చదవవచ్చు, కానీ అంచులు కరిగాయి. రెండు మూడు సార్లు తీశాను. అంతే.

నీ చెరుకు లాగే, బాపమ్మా. కొస నీళ్లే.

పెద్దది మనకు అందదు. ఇప్పుడేం చేయమంటావు? ఫారం సంగతి నాకు ప్రతిరోజూ గుర్తొస్తోంది.

గంగామణి


కోటగిరి
14 డిసెంబరు 1975

చిరంజీవి గంగామణికి,

ఏడవవలసిన పని లేదు. నీకు మంచి వార్త వచ్చింది, నువ్వు గుర్తుపట్టలేదు.

మన బండి కాటా ఎక్కే ముందు కొస ఆకులు కొట్టేస్తాం. కొట్టకపోతే తూకంలో తీసివేస్తారు. అది న్యాయమే. పనికిరానిదానికి ఎవరూ డబ్బు ఇవ్వరు. అదే మాట ఆత్మారాంతో మర్యాదగా చెప్పు. ఆయన అడిగే ఎనిమిది వందల డెబ్బై అయిదులో అయిదో వంతు కొస కింద తీసివేయమను. నూట డెబ్బై అయిదు పోతే ఏడు వందలు. మూడో వంతు అడగవద్దు, అరవై దాటిన తర్వాత కూడా కొంత దూరం బాగానే ఉండి ఉంటుంది. ఫోటోలు ఆయన ముందు పరచు, నోటితో వాదించకు.

కొన్నాక ఇంకొక పని. ఆ కట్టు మీద డెబ్బై దగ్గర ఎర్ర దారం కట్టు. దానిని దాటి తిప్పనని నాకు మాట ఇవ్వాలి. బోధన్‌లో మొదటి ఆడ ఫోటోగ్రాఫరు తీసిన మొదటి ఫోటోలు మసకగా వస్తే, నవ్వడానికి ఊరు కాచుకొని ఉంది. వారిలో మీ బాపు మొదటివాడు.

ఏడు వందలు మనియార్డరు చేస్తున్నాను.

నీ బాపమ్మ
తారాబాయి


హైదరాబాదు
28 డిసెంబరు 1975

బాపమ్మకు నమస్కారాలు.

ఏడు వందలకే ఇచ్చారు! ఫోటోలు పరిచాను. ఆయన చాలాసేపు చూసి, "మీ బాపమ్మను దుకాణానికి తోల్కరాకు. తాళం ఏస్కోని పోవాలె నేను" అన్నారు. లెన్సు మూత మాత్రం ఊరికే ఇచ్చారు.

డెబ్బై దగ్గర ఎర్ర దారం కట్టాను. మాట ఇస్తున్నాను.

రోజంతా దానిలోంచే చూస్తున్నాను. అత్తయ్య బియ్యం చెరుగుతుంటే నలభై దగ్గర ఆమె, చాట, వాకిలి, పిల్లి. కట్టు తిప్పుతూ పోతే చివరికి గాలిలో లేచిన ఒక్క పొట్టు, దాని చుట్టూ ఎండ. ఉన్నచోటనే ఎన్ని ఊళ్లున్నాయో.

గంగామణి


కోటగిరి
22 ఫిబ్రవరి 1976

గంగామణికి,

జనవరిలో నీవి రెండు ఉత్తరాలు వచ్చాయి. ఈ నెలలో ఒకటి, అయిదు వాక్యాలు. లెన్సు అన్న మాటే అందులో లేదు. రెండు నెలల కింద ఒక బియ్యపు పొట్టు గురించి పేరా రాసినదానివి.

మన ఊరి హన్మండ్లు పదకొండో తేదీన నిజామాబాదు బస్‌స్టాండులో నిన్ను చూశాడట, నందిపేట బస్సు ఎక్కుతుంటే. భుజానికి కెమెరా ఉందట. నందిపేట దాకా వచ్చినదానివి కోటగిరి రాలేదు. నా కోడలికి, మీ అవ్వకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే ఆమె ఏడుస్తుంది, నాకు పని చెడుతుంది.

మీ బాపు నిన్న ఫారం తీసి నీ పేరు, పుట్టిన తేదీ రాశాడు. సంతకం గీత ఒక్కటే ఖాళీ.

నందిపేటకు ఎందుకు వచ్చావు? ఇంటికి ఎందుకు రాలేదు? దారం ఉందా?

తారాబాయి


హైదరాబాదు
29 ఫిబ్రవరి 1976

బాపమ్మకు,

మూడో ప్రశ్నకే మొదట జవాబు. దారం ఉంది. కానీ దాన్ని దాటాను. అందుకే ఇంటికి రాలేదు. నీ ఎదురుగా నిలబడి అబద్ధం చెప్పలేను, నిజం చెప్పే ధైర్యం లేదు.

మా క్లాసులో చదివే లింబయ్యది నందిపేట. అతని అన్న బాలన్న ఏళ్లుగా మస్కట్‌లో కూలి పని చేస్తూ వచ్చిపోతుంటాడు, ఈసారి ఎనిమిది నెలల కింద పోయాడు. వదిన భూమవ్వకు ముందు ముగ్గురు పిల్లలు పుట్టి దక్కలేదు. ఇప్పుడు మగపిల్లవాడు. పిల్లవాడిని చూడాలని, ఫోటో పంపమని బాలన్న తంతి కొట్టాడు. లింబయ్య తను మగవాడు, బాలింత గదివైపు పోకూడదు. అందుకని నన్ను అడిగాడు.

పోయేసరికి అయిదో రోజు. భూమవ్వ అత్త రాములవ్వ గడప దగ్గరే కూర్చొని ఉంది.

"లోపటికి రాకు బిడ్డా, ఇంక పురుటి తానం కాలె. ఆడ్నే నిలబడు. తల్లిని తియ్యి, పొల్లగాన్ని తియ్యకు."

"పొల్లగాని కోసమే గదా పెద్దమ్మా నేనొచ్చింది?"

"ముగ్గురు పోయిండ్రు నాకు. వీని మొకం కాగితం మీద పడాలె, సముద్రం దాటాలె, ఆడ పదిమంది సూడాలె. గంత దిష్టి వీడు ఆగుతడా? వద్దు."

లోపలినుంచి భూమవ్వ మెల్లగా అంది. "అత్తా, ఆయన ముగ్గుర్లో ఒక్కన్ని గూడ సూడలె. గీనొక్కన్నన్న సూడనియ్యి."

రాములవ్వ మొహం అటు తిప్పుకుంది. తియ్యమనలేదు, వద్దని మళ్లీ అనలేదు.

గది పొడవుగా ఉంది, బాపమ్మా. మంచం ఆ చివర. ఒక్క కిటికీ. సాంబ్రాణి పొగ. నలభై దగ్గర చూస్తే మంచం, గోడ, కుంపటి. డెబ్బై దగ్గర, దారం దగ్గర, భూమవ్వ నడుము దాకా వచ్చింది కానీ పిల్లవాడు పిడికెడు గుడ్డ మూటే. దారం నా వేలికి తగులుతోంది. సరిగ్గా అప్పుడు ఆమె వాడిని కిటికీ వైపు ఎత్తింది. వాడు కళ్లు తెరిచాడు. నేను తిప్పేశాను, ఎనభై దాకా. ఒక్కటే తీశాను, తర్వాత వాడు పడుకున్నాడు.

రాత్రి లింబయ్య వాళ్ల మేనత్త ఇంట్లో ఉన్నాను. మర్నాడు నిజామాబాదులో తెలిసినవాళ్ల స్టూడియోలో కడిగించాను. అనుకున్నట్టే అయింది. మసక. మళ్లీ నందిపేట పోయి చేతిలో పెట్టేటప్పుడు, డబ్బు వద్దు, లెన్సుది తప్పు అని చెప్పడానికి మాటలు కూడగట్టుకుంటున్నాను. రాములవ్వ ఎండలోకి తీసుకుపోయి చూసింది. చాలాసేపు.

"గిదేంది, మంచు పడ్డట్టున్నది?"

నేను నోరు తెరవబోయాను. ఆమె ఆగలేదు.

"ముక్కు గిదని చెప్పరాదు, కన్ను గిదని చెప్పరాదు. గని మా పొల్లగాడే. తండ్రైతే గుర్తుపడ్తడు. పరాయోని కన్ను గిండ్ల ఏడ పట్టుకుంటది? జారిపోతది." లోపలికి కేకేసింది. "భూమా, దిష్టి తగలని బొమ్మ తీసింది గీ పిల్ల! పంపుండ్రి మస్కట్‌కు!"

సాయంత్రానికి ఆ వాడలో ముగ్గురు బాలింతల ఇళ్లనుంచి పిలుపు వచ్చింది. ధర్పల్లిలో ఎవరో చుట్టాలకు కూడా చెప్పిపంపారు. అందరికీ "మంచు బొమ్మ" కావాలి. నాలుగు ఇళ్లలో తీశాను, అన్నీ ఎనభై దగ్గర.

నాకు సంతోషించాలో సిగ్గుపడాలో తెలియడం లేదు. చెడిపోయిన కొసతో తీసినవి మంచివని నా నోటితో నీకు ఎలా రాయను? మాట తప్పాను. మొదటి ఫోటో ఒకటి ఇందులో పెడుతున్నాను. ఫారం మీద సంతకం పెట్టమంటే పెడతాను.

గంగామణి


కోటగిరి
7 మార్చి 1976

చిరంజీవి గంగామణికి,

నీ ఉత్తరం బుధవారం అందింది. ఈ రోజు ఆదివారం. నాలుగు రోజులు ఆలస్యం ఎందుకో చెబుతాను.

ముందుగా మాట తప్పడం గురించి. మాట తప్పావు. పద్దెనిమిది రోజులు దాచావు. దాచడం రెండో తప్పు, అది మొదటిదానికంటే పెద్దది. ఇక్కడితో దాని గురించి ఆపుతున్నాను.

ఫోటో. నేను దిష్టిని నమ్మను. మీ తాత నమ్మేవారు, వాదించుకొనేవాళ్లం. అందుకని మొదట ఆ ఫోటోను లెక్కల కాగితం చూసినట్టు చూశాను. అంచులు కరిగాయి. నువ్వు రాసినది నిజమే. పక్కన పెట్టాను. మళ్లీ తీశాను. ఆ తల్లి మొహం బెల్లం పొయ్యి ఆవిరిలో ఉన్నట్టు ఉంది, ఆవిరి వెనక వెలుతురు. పిల్లవాడి మొహం అయితే ఇంకా పూర్తిగా ఈ లోకానికి రానట్టు ఉంది. అయిదు రోజుల పిల్లలు అలాగే ఉంటారు. నేను ఆరుగురిని కన్నాను, ఆ సంగతి మరిచిపోయాను. ఏ పదునైన లెన్సు తీసినా దానిని పట్టేది కాదు. పద్దు పుస్తకం తెరిచి పెట్టుకొని ఆ రోజు ఒక్క పద్దూ రాయలేదు. ఇది నా ఇన్నేళ్ల పద్దుల్లో మొదటిసారి.

ఇప్పుడు నా తప్పు. డిసెంబరులో నీకు కొస పనికిరానిదని రాశాను. నలభై ఏళ్లు చెరుకు వేసినదాన్ని అలా రాయకూడదు. తీపి కోసం అడుగు కావాలి. కానీ విత్తనానికి గడ ఎక్కడ కోస్తాం? పై వంతు నుంచే. ముదిరిన అడుగు ముక్క నాటితే సగం మొలవదు. కొస ముక్క కణుపు ప్రతిదీ మొలుస్తుంది. ప్రతి ఏడాది కూలీలకు నా చేత్తోనే చూపించి కోయిస్తాను. కాటా లెక్కలు రాస్తూ రాస్తూ, నాటే లెక్క మరిచిపోయాను. ఆత్మారాం దగ్గర నూట డెబ్బై అయిదు తగ్గించుకోవడం మాత్రం తప్పు కాదు. అప్పుడు మనకు తెలియదు, ఆయనకూ తెలియదు.

దారం విప్పేయి.

నాలుగు రోజుల సంగతి. గురువారం మీ బాపు ఫారంతో వచ్చాడు. నేను ఫోటో ఇచ్చాను. "మసకగున్నది గదనే" అన్నాడు. "అవును" అన్నాను. వాకిట్లోకి పోయాడు, గొడ్ల దగ్గర నిలబడి చూశాడు. మీ అవ్వను పిలిచి చూపించాడు. మీ అవ్వ నీళ్ల బిందె దింపకుండానే చూసింది. నిన్న సాయంత్రం నా దగ్గరికి వచ్చి, "అమ్మా, గా మార్కండేయ గదికి కిటికీ ఏ దిక్కున్నది?" అని అడిగాడు. ఉత్తరం అన్నాను. "వెల్తురు మెత్తగుంటది" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నాతో ఎన్నడూ వెలుతురు గురించి మాట్లాడలేదు. ఫారం గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పెట్టె మీద మాత్రం అది లేదు.

ఇక జరగవలసినవి:

1. క్లాసు ముగిసే దాకా అక్కడే ఉండు. చివరి రోజు ఎగ్గొట్టి రావద్దు.

2. నందిపేట, ధర్పల్లి ఇళ్ల పేర్లు, తీసిన తేదీలు ఒక నోటుబుక్కులో రాయి. మసక వద్దని, స్పష్టంగా కావాలని అడిగేవాళ్లు కూడా వస్తారు. ఎవరికి ఏది కావాలో ముందే అడిగి తీయి. దిష్టి పేరు చెప్పి ఒక్క పైసా ఎక్కువ తీసుకోవద్దు.

3. మార్కండేయకు మొదటి నెల కిరాయి నేను ఇరవయ్యో తేదీన పోయి ఇస్తాను. రసీదు నీ పేర రాయిస్తాను.

4. బాలన్న మస్కట్ నుంచి ఏమని రాశాడో కనుక్కొని నాకు రాయి. ఇది పనికి సంబంధించినది కాదు. అయినా రాయి.

5. ఉగాదికి ముందు వచ్చే ఆదివారం మధ్యాహ్నం బస్సుకు బయలుదేరు. బోధన్ బస్‌స్టాండుకు మీ బాపు వస్తాడు. వస్తానని ఆయనే అన్నాడు, నేను పంపడం లేదు. ఆయన ఏమీ మాట్లాడకపోతే నువ్వూ మాట్లాడకు. బట్టల పెట్టె నువ్వు పట్టుకో. లెన్సు ఉన్న సంచి ఆయన చేతికివ్వు.

నీ బాపమ్మ
తారాబాయి